ఆల్ప్స్‌లో జలపాతాల దాకా నడవాలంటే ముందు ఆ నీళ్ళు ఎక్కడివో చూసుకోండి

జులై చివరి వారంలో స్విట్జర్లాండ్, ఆస్ట్రియా వైపు పది రోజులు వెళ్తున్నామని, మీ ఇద్దరితో పాటు అరవై దాటిన అమ్మానాన్నలు, ఏడేళ్ళ బాబు కూడా వస్తున్నారని రాశారు. రోడ్డు మీద నుంచి చూసి రావడం కాకుండా జలపాతాల దగ్గరికి నడిచి వెళ్ళాలని మీ కోరిక. ఎవరికీ ట్రెక్కింగ్ అలవాటు లేదన్నారు. ఏవి చూడాలి, ఏ వేళకు బయల్దేరాలి, బూట్లు ఎలాంటివి కొనాలి, పెద్దవాళ్ళకి ప్రమాదం ఏమైనా ఉందా అని అడిగారు. నిశ్చింతగా వెళ్ళొచ్చు. మీ ఐదుగురూ కలిసి నడవగలిగే మంచి దారులు అక్కడ ఉన్నాయి. కాకపోతే మీరు రాసిన లిస్టు చూస్తే ఎత్తుని బట్టి ఎంచుకున్నట్టుంది. అక్కడే కొంచెం మార్చుకోమంటాను.

300 మీటర్లా, 400 మీటర్లా అన్నది మీరు వెళ్ళే రోజు పెద్దగా అక్కరకు రాదు. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నదే అసలు లెక్క. ఆల్ప్స్ జలపాతాలకి నీళ్ళు మూడు రకాలుగా వస్తాయి. శీతాకాలంలో పడిన మంచు కరిగి వచ్చేవి మే, జూన్ నెలల్లో ఉరకలేస్తాయి. వానకీ ఊటలకీ పారేవి వాన పడితేనే ఉంటాయి. మూడోది గ్లేసియర్ నీళ్ళు, అంటే ఏళ్ళ తరబడి పేరుకుని మెల్లగా కదిలే పెద్ద మంచుగడ్డ కరిగి వచ్చేవి. వేసవి ఎంత ముదిరితే ఇవి అంత పెరుగుతాయి, జులై, ఆగస్టుల్లో నిండుగా ఉంటాయి. ఎత్తు చూసి వెళ్ళినవాళ్ళు, రెండు వారాలు వాన లేకపోతే, 300 మీటర్ల కొండ మీద సన్నటి నీటి పోగు చూసి నిరాశతో వెనక్కి వస్తారు. మీరు వెళ్ళేది జులై చివర్లో కాబట్టి గ్లేసియర్ నీళ్ళతో నిండే జలపాతాలని ముందు పెట్టుకోండి, మిగతావి దారిలో కలిసొస్తే చూడండి.

గ్లేసియర్ నీటిని గుర్తుపట్టడం తేలిక. పైన మంచుగడ్డ కదులుతూ అడుగునున్న రాతిని అరగదీస్తుంది. ఆ మెత్తటి రాతిపొడి కలవడంతో నీళ్ళు బియ్యం కడిగినట్టు తెల్లగా, కొంచెం బూడిదరంగులో వస్తాయి. అవి మురికి నీళ్ళేమో అని బాబు అడిగితే ఇదే చెప్పండి. ఆ వయసు పిల్లలకి ఈ సంగతి చాలా నచ్చుతుంది. తాగడానికి మాత్రం వాడకండి.

ఇక చోట్ల సంగతి. మీ లిస్టులో ఉన్న లౌటర్‌బ్రునెన్ లోయని ఉంచుకోండి. మీ కుటుంబానికి అంతకంటే అనువైన చోటు నాకు తట్టడం లేదు. స్విట్జర్లాండ్‌లో బెర్న్ ప్రాంతంలో, ఇంటర్‌లాకెన్ దగ్గర, దాదాపు 800 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఒకప్పుడు ఈ లోయ నిండా పెద్ద గ్లేసియర్ ఉండేది. అది లోయని లోతుగా, రెండు వైపులా నిట్టనిలువు గోడలు మిగిలేలా తవ్వుకుంటూ పోయింది. పక్కనుంచి వచ్చి కలిసే చిన్న గ్లేసియర్లు అంత లోతు తవ్వలేకపోయాయి. మంచు వెనక్కి తగ్గాక ఆ పక్క లోయలు గోడల మీద వేలాడుతున్నట్టు మిగిలిపోయాయి, వాటి నీళ్ళకి కిందికి దూకడం తప్ప దారి లేకపోయింది. ఆ లోయలో 72 జలపాతాలు ఉన్నాయని చెప్తారు. అన్నీ ఏడాది పొడుగునా కనపడవు.

అందరికీ తెలిసినది స్టౌబ్‌బాఖ్. ఎత్తు 297 మీటర్లు, ఊరి నడిబొడ్డునుంచే కనిపిస్తుంది. దీని నీళ్ళు గ్లేసియర్‌వి కావు. పైన మంచు అయిపోయాక, వానలు తగ్గాక బాగా సన్నబడుతుంది. గాలికి సగం నీళ్ళు దారిలోనే తుంపరగా చెదిరిపోతాయి. జులై చివర్లో మీకు అది నిండుగా దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. అయినా వెళ్ళండి, ఎందుకంటే ఊళ్ళోనుంచి కాసేపు నడిస్తే చాలు, రాతిలో తొలిచిన మెట్ల దారి జలపాతం వెనక్కి తీసుకెళ్తుంది. అది కాస్త నిటారుగా, తడిగా ఉంటుంది. నాన్నగారు మెట్లెక్కలేనంటే కింద పచ్చికలోంచి చూసినా తక్కువేం కాదు. పొద్దున్నే వెళ్ళండి. ఆ గోడ తూర్పు ముఖంగా ఉంది కాబట్టి ఉదయపు ఎండ నేరుగా నీళ్ళ మీద పడుతుంది. సూర్యుడు మీ వీపు వైపు ఉంటాడు కాబట్టి తుంపరలో ఇంద్రధనస్సు కనిపించే అవకాశం కూడా అప్పుడే ఎక్కువ. మధ్యాహ్నానికి ఎండ గోడ వెనక్కి వెళ్ళిపోతుంది.

అదే లోయలో ట్రుమ్మెల్‌బాఖ్ మీ నెలకి సరైన జలపాతం. ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలకి ఈ లోయ వైపున్న గ్లేసియర్ల నీళ్ళు దీని గుండా దిగుతాయి, ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకి 20,000 లీటర్ల దాకా. ఆ నీళ్ళు కొండ పైనుంచి దూకవు, కొండ లోపల తొలుచుకున్న సన్నటి గొంతులోంచి పది అంచెలుగా సుళ్ళు తిరుగుతూ దిగుతాయి. సొరంగంలో లిఫ్టు ఎక్కి పైకి వెళ్ళి, మెట్ల మీదుగా దిగుతూ ఒక్కో అంచె చూడాలి. లోపల దీపాల వెలుగులో రాయి నున్నగా మెరుస్తుంది. వేల ఏళ్ళుగా నీళ్ళూ కంకరా కలిసి గుండ్రటి గిన్నెల్లా తొలిచిన గుర్తులు చేతికి అందేంత దగ్గర్లో ఉంటాయి. రెయిలింగ్ మీద చెయ్యి వేస్తే అదురుతూ ఉంటుంది, పక్కనున్న మనిషితో అరిచి మాట్లాడాలి. శబ్దానికి బాబు బెదరొచ్చు, ముందే చెప్పి తీసుకెళ్ళండి. నాలుగేళ్ళలోపు పిల్లల్ని లోపలికి రానివ్వరు, మీవాడికి ఆ ఇబ్బంది లేదు. జులైలో కూడా లోపల చల్లగా ఉంటుంది, మెట్లు తడిగా ఉంటాయి, జాకెట్ తప్పనిసరి. బయట వాన పడుతున్న రోజుకి దీన్ని అట్టిపెట్టుకోండి. కొండదారులు బురదైన రోజున కూడా హాయిగా చూడగలిగేది ఇదే.

ఈ రెంటినీ కలుపుతూ లోయ అడుగున లౌటర్‌బ్రునెన్ నుంచి ష్టెహెల్‌బెర్గ్ దాకా సమతలంగా దారి ఉంది. ఆరున్నర కిలోమీటర్ల చిల్లర. ఎక్కుడు లేనట్టే. అటూ ఇటూ గోడల మీద నుంచి పడే ధారలన్నీ చూసుకుంటూ నడవొచ్చు. మధ్యలో ఎక్కడ అలసిపోయినా పక్కన రోడ్డు మీద బస్సు దొరుకుతుంది. అమ్మానాన్నలతో మొదటిరోజు నడక ఇదే పెట్టుకోండి. ఎవరు ఎంత నడవగలరో, బాబు ఎంతసేపటికి మారాం చేస్తాడో ఆ ఒక్కరోజులో తేలిపోతుంది. మిగతా రోజుల ప్లాన్ దాన్ని బట్టి వేసుకోండి.

మీ ఇద్దరికీ ఒక రోజు ఖాళీ దొరికి, పెద్దవాళ్ళు బాబుని చూసుకుంటామంటే ష్టెహెల్‌బెర్గ్ నుంచి పైకి వెళ్ళండి. ఊరు సుమారు 910 మీటర్ల దగ్గర ఉంటే, ఒబర్‌స్టెయిన్‌బెర్గ్ అనే కొండ బస 1,778 మీటర్ల దగ్గర ఉంది. అంటే 850 మీటర్లకి పైగా ఎక్కాలి. కొత్తవాళ్ళకి మూడు గంటలు పడుతుంది. అడవి దాటి పైకి రాగానే ఎదురుగా మంచుకొండలు, వాటి కింద ష్మాడ్రిబాఖ్ జలపాతం కనిపిస్తాయి. ఇదీ గ్లేసియర్ నీరే. కింది లోయలో ఉన్నంత జనం ఇక్కడికి రారు. లౌటర్‌బ్రునెన్ లోయ పైభాగం యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రాంతంలో ఉంది. నా మటుకు ఆ లోయ మొత్తంలో నేను అన్నిటికంటే ముందు చెప్పేది ఈ దారే. కానీ ఇది మొదటిరోజు చెయ్యాల్సిన నడక కాదు.

ఆస్ట్రియా వైపు వెళ్తే క్రిమ్ల్ ఒక్కటి చాలు. ఆ దేశంలోకెల్లా ఎత్తైన జలపాతం, 380 మీటర్లు, మూడు అంచెలు: పైది 140, నడిమిది 100, కిందిది 140. హోహె టౌఎర్న్ నేషనల్ పార్కులో ఉంది, గ్లేసియర్ నీళ్ళే. దీని పక్కనే వెడల్పాటి దారి మలుపులు తిరుగుతూ పైదాకా వెళ్తుంది. సుమారు నాలుగు కిలోమీటర్ల నడక, 400 మీటర్ల ఎక్కుడు. దాదాపు ప్రతి మలుపు దగ్గరా జలపాతం వైపు చిన్న వేదిక ఉంటుంది, కాబట్టి అమ్మానాన్నలు ఎక్కడ ఆగిపోయినా చూడాల్సింది చూసినట్టే. కింది అంచె దగ్గర తుంపర వానలా మీద పడుతుంది, ఫోను జేబులో పెట్టుకోండి. పైదాకా ఎక్కగలిగితే అక్కడ గోడ అయిపోయి, ఒక్కసారిగా విశాలమైన చదును లోయ తెరుచుకుంటుంది. ఇంత గోల చేసిన ఏరు అక్కడ మెల్లగా పారుతుంటుంది. ఆ లోయ పైన 2,634 మీటర్ల ఎత్తులో క్రిమ్లర్ టౌఎర్న్ కనుమ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1947 వేసవిలో, వేలమంది యూదు శరణార్థులు పసిపిల్లల్ని ఎత్తుకుని రాత్రిళ్ళు ఆ కనుమ దాటి ఇటలీ చేరారు. అక్కడిదాకా మీరు వెళ్ళక్కర్లేదు గానీ, ఆ లోయలో నిలబడినప్పుడు ఈ సంగతి తెలిసుంటే బాగుంటుందని రాస్తున్నాను.

లౌటర్‌బ్రునెన్‌కీ క్రిమ్ల్‌కీ మధ్య ప్రయాణంలోనే ఒక రోజు పోతుంది. పది రోజులు ఉన్నా, ఏడేళ్ళ పిల్లాడితో మూడు నాలుగు హోటళ్ళు మారే ప్లాన్ వద్దు. ఒక్కచోట ఐదారు రోజులుంటే వాన పడిన రోజు పోయినా ఇంకో రోజు మిగులుతుంది. కొండల్లో అదే అసలైన సౌకర్యం. లౌటర్‌బ్రునెన్‌లోనే ఎక్కువ రోజులుంటే బ్రియెంజ్ సరస్సు ఒడ్డున గీస్‌బాఖ్ కూడా చూడండి. పడవలో వెళ్ళి, 1879 నుంచి నడుస్తున్న తాడు రైలెక్కి, అక్కడినుంచి కొద్దిగా నడిస్తే జలపాతం వెనకనుంచి అవతలికి దాటొచ్చు. పెద్దవాళ్ళ కాళ్ళకి శ్రమ లేని రోజు అది.

ఏ వేళకు బయల్దేరాలి అన్నదానికి రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి నీళ్ళు. ఎండకి గ్లేసియర్ కరుగుతుంది, కరిగిన నీరు కిందికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే ఏరు తెల్లవారుజామున బాగా తగ్గి, మధ్యాహ్నం దాటాక, సాయంత్రానికి పొంగుతుంది. పొద్దున రాళ్ళ మీద అడుగులేసి దాటిన వాగు, తిరుగు ప్రయాణంలో ఆ రాళ్ళే కనపడనంత నిండి ఉండొచ్చు. రెండోది ఉరుములు. జులై, ఆగస్టుల్లో పొద్దున నిర్మలంగా ఉన్న ఆకాశంలో మధ్యాహ్నానికి మేఘాలు పేరుకుని పిడుగులతో వాన పడటం అక్కడ మామూలు. రెంటినీ కలిపి చూస్తే జవాబు ఒకటే. కొండ ఎక్కే రోజున ఏడు, ఎనిమిది గంటలకల్లా నడక మొదలుపెట్టి, రెండు గంటలకల్లా కిందికి వచ్చేయండి. క్రిమ్ల్‌లాంటి చోట మాత్రం, వాతావరణ సూచనలో ఉరుములు లేని రోజున, సాయంత్రం నాలుగు తర్వాత కింది అంచె దాకా ఇంకోసారి వెళ్ళండి. పొద్దున చూసిన జలపాతమేనా అనిపిస్తుంది. స్విట్జర్లాండ్‌లో అక్కడి వాతావరణ శాఖ మీటియోస్విస్ యాప్ పెట్టుకుని రాత్రి ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి చూడండి.

ప్రమాదం గురించి అడిగారు. జలపాతాల దగ్గర దెబ్బలు తగిలేది ఎక్కువగా జారడం వల్లే. తుంపర పడే రాయి మీద కంటికి కనపడని నాచు పొర ఉంటుంది, ఆరినట్టు కనిపించినా జారుతుంది. రెయిలింగ్ దాటి ఫోటో కోసం రెండడుగులు ముందుకి వెయ్యడం, వెనక్కి నడుస్తూ సెల్ఫీ తియ్యడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. జలపాతం పై అంచు దగ్గర, నీళ్ళు ఎంత మెల్లగా పారుతున్నా, కాళ్ళు కడుక్కోవడానికి కూడా దిగకండి. బాబు చెయ్యి పట్టుకునే మనిషి ఎవరో బయల్దేరే ముందే అనుకోండి. అందరూ చూస్తున్నారనుకుంటే ఎవరూ చూడరు.

ఏటి ఒడ్డున కూర్చుని తినేటప్పుడు నీటి మీద ఓ కన్నేసి ఉంచండి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన ఎక్కడో కుండపోత కురుస్తూ ఉండొచ్చు. నీటి రంగు ఉన్నట్టుండి మట్టిరంగుకి తిరగడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, అడుగున రాళ్ళు దొర్లే చప్పుడు వినపడటం, ఇవి గుర్తులు. ఏ ఒక్కటి కనిపించినా సామాను సర్దుతూ నిలబడకండి, పక్కకి ఎత్తు మీదికి వెళ్ళిపోండి. కరెంటు తయారీకి ఆనకట్టలు కట్టిన నదుల్లో వానే లేకపోయినా నీళ్ళు వదిలితే ఒక్కసారిగా మట్టం పెరుగుతుంది. అలాంటి చోట ఒడ్డున హెచ్చరిక బోర్డులుంటాయి, వాటి మీద ఏరు పొంగి మనిషి పరిగెడుతున్న బొమ్మలాంటిది ఉంటుంది. అలాంటి బోర్డు కనిపిస్తే నీటిపాయల మధ్య రాళ్ళ మీదికి పోకండి.

పై ఎత్తుల్లో నీడ పట్టున పాత మంచు మేటలు జులైలో కూడా మిగిలి ఉండొచ్చు. వాటి కింద ఏరు పారుతూ లోపలంతా బోలు చేసేస్తుంది. చెవి పెడితే అడుగున నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. అంచున మంచు పలచబడి బూడిదరంగులోకి మారి ఉంటుంది. పిల్లలు దాని మీద ఆడుకోవాలని సరదాపడతారు. వద్దు. ఆవుల మందలు కూడా దారికి అడ్డంగా కనిపిస్తాయి. దూడలున్న ఆవుల దగ్గరికి వెళ్ళకుండా చుట్టూ తిరిగి పోవాలి, ముద్దొచ్చాయని దూడల్ని నిమరకూడదు. కంచె గేటు తీస్తే వెనకాల మళ్ళీ మూసెయ్యాలి.

దారి బోర్డులు చదవడం నేర్చుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. స్విట్జర్లాండ్‌లో ఒట్టి పసుపు బోర్డు ఉంటే అందరూ నడవగలిగే దారి. పసుపు బోర్డు కొసన తెలుపు-ఎరుపు-తెలుపు గీతలుంటే కొండదారి, నిటారుగా, కొన్నిచోట్ల ఇరుగ్గా ఉంటుంది, మంచి బూట్లు, తడబడని అడుగు కావాలి. తెలుపు-నీలం-తెలుపు అయితే అనుభవజ్ఞులకి మాత్రమే, అటు వెళ్ళకండి. ఆస్ట్రియాలో ఎరుపు చుక్క మధ్యస్థం, నలుపు కష్టం. స్విస్ బోర్డుల మీద దూరం కాకుండా టైమ్ రాస్తారు. చదును మీద గంటకి 4.2 కిలోమీటర్ల వేగంతో, ఎక్కడా ఆగకుండా నడిచే మనిషి లెక్క అది. మీ కుటుంబానికి దానికి ఒకటిన్నర రెట్లు వేసుకోండి, ఫోటోలూ తిండీ వేరే.

బూట్లకి మడమ పైదాకా రావాలనేం లేదు, కానీ అడుగున లోతైన గాళ్ళుండి, తడిరాయి మీద పట్టు ఇచ్చే మెత్తని రబ్బరు ఉండాలి. జిమ్‌కి వేసుకునే నున్నటి అడుగు షూస్ వద్దు. కొత్తవి కొంటే ప్రయాణానికి నెల ముందే కొని రోజూ వేసుకుని నడవండి. కొండ దిగేటప్పుడు కాలివేళ్ళు ముందుకి గుచ్చుకుంటాయి కాబట్టి బొటనవేలు ముందు కొంచెం జాగా ఉండాలి. జీన్స్ ప్యాంట్లు వద్దు. తుంపరకి తడిస్తే ఆరవు, చలిపెడతాయి. ఎండగా ఉన్నా ఒక్కొక్కరికీ రెయిన్ జాకెట్, ఒక వెచ్చటి పొర, బాబుకి మార్చడానికి ఒక జత బట్టలు, సాక్సులు బ్యాగులో ఉండాలి. ప్రతి 1,000 మీటర్లకీ సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది, తడిసిన ఒంటికి గాలి తగిలితే ఇంకా ఎక్కువ తగ్గినట్టుంటుంది.

అమ్మానాన్నలకి ట్రెక్కింగ్ పోల్స్ తప్పకుండా కొనండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని కేబుల్ కార్‌లో పైకి తీసుకెళ్ళి కిందికి నడిపించాలని చాలామంది అనుకుంటారు. మోకాళ్ళకి భారం పడేది దిగేటప్పుడే. వీలున్నచోట మెల్లగా ఎక్కించి, దిగడానికి కేబుల్ కార్ వాడండి. ఆయాసం వస్తే ఆగొచ్చు, మోకాలు పట్టేస్తే మధ్యదారిలో చేసేదేం లేదు. నేను చెప్పిన జలపాతాలన్నీ 2,000 మీటర్ల లోపువే, ఎత్తు వల్ల వచ్చే అస్వస్థతకి భయపడక్కర్లేదు. రైల్లో వెళ్ళే మంచు కనుమ యుంగ్‌ఫ్రౌయోఖ్ కూడా చూస్తామంటే అది 3,454 మీటర్లు, బీపీ, గుండె మందులు వాడేవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగాలి.

అత్యవసరమైతే ఎక్కడైనా 112. స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్ రక్షణ సంస్థ రేగా నంబరు 1414, ఆస్ట్రియాలో కొండ రక్షణ దళానిది 140. సిగ్నల్ లేకపోతే విజిల్‌తో గానీ టార్చితో గానీ నిమిషానికి ఆరుసార్లు సంకేతం ఇచ్చి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఇవ్వాలి. నిమిషానికి మూడుసార్లు బదులొస్తే మీ పిలుపు వాళ్ళకి అందినట్టు. హెలికాప్టర్ కనిపిస్తే రెండు చేతులూ పైకెత్తితే సాయం కావాలని, ఒక చెయ్యి పైకీ ఒకటి కిందికీ పెడితే అక్కర్లేదని అర్థం. మనవాళ్ళు ఊరికే సంతోషంగా రెండు చేతులూ ఊపుతారు, బాబుకి కూడా ముందే చెప్పండి. ఈ రక్షణ ఉచితం కాదు, హెలికాప్టర్ ఖర్చు చాలా ఎక్కువ. మీ ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం తీసి కొండల్లో రక్షణ, హెలికాప్టర్ ఖర్చు ఇస్తారో లేదో, ట్రెక్కింగ్‌ని సాహస క్రీడ కింద మినహాయించారో, అరవై దాటినవాళ్ళకి షరతులు వేరే ఏమైనా పెట్టారో చదవండి. అర్థం కాకపోతే కంపెనీకి మెయిల్ రాసి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకుని టికెట్లతో పాటు పెట్టుకోండి. ఇదొక్కటీ ఈ వారంలోనే చెయ్యండి, బూట్లు కొనేముందే.